ఎండలో కనిపించని మంట

గల్ఫ్‌లోని సిత్రా దీవిలో పడవ ఇంజన్లు బాగుచేసే మక్కీ ఏ ఇంజన్‌కీ ఎదురుగా నిలబడేవాడు కాడు. జాలరి ఎవరైనా వచ్చి "ఉస్తాద్, ఇది దగ్గుతోంది" అంటే, "ఏదీ, స్టార్ట్ చెయ్" అని దానికి వీపు పెట్టి, చేతులు కట్టుకుని సముద్రంకేసి చూసేవాడు. కాసేపటికి తల ఒక పక్కకి వంచి, ఎక్కడ ఏం పోయిందో చెప్పేవాడు. కళ్ళు పనిచేస్తుంటే చెవులకి బద్ధకం వస్తుందని అతని నమ్మకం.

అలాంటివాడు నలభై దాటాక బొమ్మకార్ల పిచ్చిలో పడ్డాడు. బొమ్మకార్లంటే పిల్లలు బ్యాటరీ వేసి ఆడుకునేవి కావు. చేతిలో రిమోట్ పట్టుకుని నడిపే రేసు బండ్లు. వాటి ఇంజన్ పిడికిలంత ఉంటుంది. పెట్రోలు తాగదు; స్పిరిట్‌లో నైట్రో, నూనె కలిపిన మందు తాగుతుంది. గొంతు మాత్రం పెద్ద మోటారుసైకిలంత. మా ట్రాక్ అస్కర్ ఊరు దాటాక సముద్రపు ఒడ్డున ఉంది. శుక్రవారం నమాజు అయ్యాక అందరం అక్కడే. బండ్లు నడిపేంత చురుకు నా వేళ్ళకి లేదు. మలుపు దగ్గర నిలబడి, పల్టీ కొట్టిన బండ్లని తిప్పి నిలబెట్టడం నా పని. అందుకే అక్కడ జరిగినవన్నీ చూశాను.

మక్కీని మా దగ్గరికి తెచ్చినవాడు దుయైజ్. కస్టమ్స్ ఆఫీసులో గుమాస్తా. మా అందరిలోకీ చేతివేగం ఉన్న డ్రైవరు, నోటివేగం అంతకన్నా ఎక్కువ. అతని ఇంజన్ ఒకటి ఎంతకీ స్టార్ట్ కాక మొండికేస్తే, దాన్ని జేబులో వేసుకుని సిత్రా వెళ్ళాడట. మక్కీ దాన్ని అరచేతిలో పెట్టుకుని, "ఇదేంటి, చేపపిల్లకి బిగించే మోటారా?" అని నవ్వాడు. విప్పి చూశాక నవ్వు ఆగిపోయింది. లోపల పిస్టన్‌కి రింగులు లేవు. సిలిండర్ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైన బిగుసుకుపోతుంది, వేడెక్కితేనే వదులవుతుంది. దానికి ముందు వేడిగాలి పట్టాలి, అప్పుడే తిప్పాలి. మక్కీ అలాగే చేశాడు. అది కీచుమని లేచింది. ఆ తర్వాతి శుక్రవారం మక్కీ దుయైజ్ కారెక్కి మా ట్రాక్‌కి వచ్చాడు. ఇక రాని శుక్రవారం లేదు.

బండికి వీపు పెట్టి నిలబడి, "ఆకలేస్తోంది దానికి" అనేవాడు. అంటే ఇంధనం తక్కువై ఇంజన్ లోపల కాగిపోతోందని. "తిండెక్కువైంది" అంటే పొగ కక్కుతూ బరువుగా పోతోందని. ఇంధనం సరిచేసే చిన్న మర ఒకటుంటుంది, దాన్ని సూది అంటాం. దాన్ని వెంట్రుకవాసి తిప్పితే బండి స్వభావమే మారిపోతుంది. ఉత్తరాన్నించి షమాల్ గాలి పొడిగా వీచే రోజు ఒక లెక్క, సముద్రం మీంచి చెమటగాలి కమ్మిన రోజు ఇంకో లెక్క. మక్కీ పొద్దున్నే లేచి వాకిట్లో నిలబడి గాలి పీల్చి, సూది ఎంత తిప్పాలో ఇంట్లోనే తేల్చుకుని వచ్చేవాడు. దుయైజ్ గెలవడం మొదలుపెట్టాడు. మేం కుళ్ళుకోవడం మొదలుపెట్టాం.

జూలైలో ఒక శుక్రవారం జరిగింది అది. రేసులు అయిపోయాయి. ఎండ ఇంకా మండిపోతోంది. పందిరి కింద వాసన కమ్మేస్తుందని మక్కీ బల్లని బయట ఎండలోకి లాక్కుని, దుయైజ్ ఇంజన్‌ని స్పిరిట్‌తో కడుగుతున్నాడు. ఉత్త స్పిరిట్. సీసాలో పోస్తే నీళ్ళకీ దానికీ తేడా తెలియదు. బల్ల మీద పక్కనే ఇంజన్లు వేడిచేసే గాలిగన్ను ఉంది. దుయైజ్ దాన్ని వాడి, ఆపడం మరిచిపోయాడు. ట్రాక్ మీద ఇంకా ఎవరో సరదాకి బండి తిప్పుతున్నారు. ఆ గోలలో గన్ను చప్పుడు ఎవరికీ వినపడలేదు. మక్కీకి కూడా.

నేను నీళ్ళసీసా కోసం అటు వచ్చాను. మక్కీ చేతిలోని స్పిరిట్ సీసాని చాలా మెల్లగా, పడుకున్న పసిబిడ్డని దించినట్టు, నేలమీద పెట్టాడు. కుడిచెయ్యి దూరంగా చాచి నిలబడ్డాడు.

"దుయైజ్, నా చెయ్యి కాలుతోంది."

అందరం చూశాం. అక్కడ చెయ్యి ఉంది, చొక్కా ఉంది, ఎండ ఉంది. ఇంకేమీ లేదు.

"ఏం ఉస్తాద్, ఇంజన్ ముట్టుకున్నావా? ఎన్నేళ్ళొచ్చినా అదే తొందర!" అని ఎవరో నవ్వారు.

మక్కీ మళ్ళీ అన్నాడు, అదే గొంతుతో. "కాలుతోంది."

అప్పుడు మోచేతి దగ్గర తెల్లటి గుడ్డమీద కందిబద్దంత గోధుమరంగు మచ్చ కనిపించింది. చూస్తుండగానే అది పెద్దదై, నడుమ చిల్లు పడింది. చిల్లు అంచు పాకుతోంది. పక్కన ఇంకో మచ్చ, దాని పక్కన ఇంకోటి. మంట లేదు. గుడ్డని ఎవరో కనిపించనివాళ్ళు నోటితో కొరుక్కు తింటున్నట్టుంది. ముంజేతి మీది వెంట్రుకలు ముడుచుకుపోయాయి. చేతి చుట్టూ గాలి వణుకుతోంది.

అందరికన్నా ముందు కదిలింది దుయైజ్. ఐసుపెట్టెలో నానుతున్న తువ్వాలు లాగి, మక్కీని వాటేసుకున్నాడు, ఇద్దరూ కలిసి కిందపడ్డారు. లేచేసరికి దుయైజ్‌కి ఒక కనుబొమ్మ లేదు.

అంతా అయిందనుకున్నాం. ఎవరో అడిగారు, "ఆరిందా?"

బల్లకేసి చూస్తే ఉత్త బల్లే. పనిముట్లు, టైర్లు, గుడ్డపేలికలు. కానీ పనిముట్ల పెట్టె ప్లాస్టిక్ మూత మెల్లగా కుంగుతోంది, నిద్ర ముంచుకొచ్చి తల వాల్చేసినట్టు. టైరు ఒకటి బొట్టుబొట్టుగా కారుతోంది. అందరం వెనక్కి వెనక్కి జరిగాం. మంట ఎక్కడిదాకా ఉందో తెలియదు. మా కాళ్ళ దగ్గరికి వచ్చిందో లేదో తెలియదు. దోసిళ్ళతో ఇసుక తీసి బల్లమీద పోశాం, నేలమీద పోశాం, ఒకళ్ళ పాదాల మీద ఒకళ్ళం కూడా పోసుకున్నాం. పట్టపగలు, అంతమంది పెద్దవాళ్ళం, ఖాళీ గాలికి భయపడి ఇసుక విసురుతున్నాం.

ఆసుపత్రిలో మక్కీని అడిగాను. "అరవలేదేం మనిషీ?"

"అరిస్తే నమ్ముతారా?" అన్నాడు. "నేనే నమ్మలేదు. చూస్తున్నాను, ఏమీ లేదు. ముందు నాకే పిచ్చెక్కిందనుకున్నా."

తొడమీది చర్మం తీసి చేతికి అతికించారు. ఎండలు తగ్గుముఖం పట్టేనాటికి పుండు మానింది. వేళ్ళు కదులుతున్నాయి, మర తిప్పగలడు. కానీ ముంజేతికి స్పర్శ పోయింది. మంచు పెట్టినా, మరిగే టీగ్లాసు ఆనించినా తెలియదు. అందరం "చెయ్యి దక్కింది, అల్హమ్దులిల్లా" అనుకున్నాం. మక్కీకి మాత్రం అసలు భయం అక్కడే మొదలైంది. ఈసారి అంటుకుంటే చెప్పడానికి ఆ చెయ్యి కూడా లేదు.

మొదట తలుపుల దగ్గర ఆగడం మొదలుపెట్టాడు. గుమ్మంలో నిలబడి, ఎడమ అరచెయ్యి ముందుకు చాచి, కాసేపు గాలిని తడిమి, అప్పుడు అడుగువేసేవాడు. తర్వాత చెయ్యి చాలలేదు. ఖర్జూరపు ఈనెలతో చీపురు కట్టుకున్నాడు. దాన్ని ముందుకు చాచి, దాని కొన చూస్తూ నడిచేవాడు. ఈనె మాడితే అక్కడ మంట ఉన్నట్టు. మాడకపోతే లేనట్టు. వంటింట్లోకి పోవాలన్నా చీపురే, బజారుకి పోవాలన్నా చీపురే. మసీదు మెట్ల దగ్గర చెప్పుల పక్కన దాన్ని ఆనించి, లోపలికి పోతూ వెనక్కి తిరిగి చూసుకునేవాడు.

"ఏం మక్కీ, ఊరంతా ఊడుస్తున్నావా? మా వీధికెప్పుడొస్తావ్?" అని జాలర్లు ఆటపట్టించేవాళ్ళు. అతను నవ్వేవాడు కాడు, కోప్పడేవాడు కాడు. చీపురు కొసని వాళ్ళ మొహాల ముందు ఒకసారి ఆడించి, చూసుకుని, ముందుకు పోయేవాడు. అలా చూసుకున్నాక ఎవరికీ నవ్వు వచ్చేది కాదు.

అతని భార్య నర్జిస్ గట్టి మనిషి. ఇంట్లోనే ఊరగాయలు, చేపలపులుసు సీసాలు తయారుచేసి కొట్లకి వేస్తుంది. భర్త మంచానపడ్డ నెలల్లో ఇల్లు నడిపింది తనే. పుండుకి భయపడలేదు కానీ, ఈ చీపురుకి విసిగిపోయింది. చెల్లెలి కూతురి పెళ్ళిలో మక్కీ హాలు గుమ్మంలో నిలబడి, లోపలికి పోయే ఆడవాళ్ళందరినీ ఆపి, ముందు చీపురు పోనిచ్చాడు. ఇంటికొచ్చాక నర్జిస్ దాన్ని మోకాలిమీద పెట్టి విరిచేసింది.

"నీ చెయ్యి కాలితే ఏడ్చాను. నీ మతి కాలితే ఎవరితో చెప్పుకోను?"

పొద్దున్న లేచేసరికి అతను ఇంకో చీపురు కట్టుకుంటున్నాడు.

ఆ ఇంట్లో మక్కీ మాటని మాటగా విన్నది ఒక్కరే, అతని అత్త ఖాతూన్. హజ్ చేసొచ్చిన ఆ హజ్జియా ఖాతూన్‌కి చూపు మందగించింది, మోకాళ్ళు పట్టేశాయి. వాకిట్లో చాపమీద కూర్చుని, కూతురి కోసం చిన్నచేపలకి ఉప్పు పట్టించడం ఆమె పని. ఒకరోజు అల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది.

"అదెలా ఉంది నాయనా?"

"కనిపించలేదత్తా."

"కనిపించదు. జిన్నుల్ని దేవుడు పొగలేని నిప్పుతో చేశాడు. మనల్ని మట్టితో చేసినట్టు. మట్టి కనిపిస్తుంది, అదెలా కనిపిస్తుంది?"

"అది స్పిరిట్ మంట అత్తా. ఎండలో దాని రంగు తెలీదు, అంతే."

"నువ్వు పెట్టుకున్న పేరు స్పిరిట్. నేను పెట్టుకున్న పేరు వేరు. నీ చెయ్యి తిన్నది మాత్రం అదేగా?"

లోపల్నించి నర్జిస్ అరిచింది. "అమ్మా! ఉన్న భయం చాలు. నువ్వు ఇంకా ఎక్కించకు ఆయన బుర్రలోకి."

"నేనెక్కించడం లేదే. అడుగుతున్నా. నువ్వెప్పుడైనా అడిగావా?"

నర్జిస్ ఊరగాయ సీసాలకి మూతలు బిగించడంలో పడింది.

దుయైజ్ వారం వారం వచ్చేవాడు. గన్ను ఆపనిది తనే అని అతనికి తెలుసు, మక్కీకీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తేవాళ్ళు కారు. దుయైజ్ హల్వా పొట్లం తెచ్చి, గోడకి ఆనుకుని కూర్చుని, ట్రాక్ కబుర్లన్నీ చెప్పేవాడు. ఇంజన్ సంగతి ఎత్తగానే మక్కీ లేచి లోపలికి పోయేవాడు. కువైట్‌లో గల్ఫ్ దేశాల రేసు దగ్గరపడుతోంది. దుయైజ్ కొత్త ఇంజన్ కొన్నాడు కానీ, అది ఎవరి మాటా వినడం లేదు. మాలో ముగ్గురం ప్రయత్నించి చేతులెత్తేశాం.

చివరికి దుయైజ్ ఒక ఎత్తు వేశాడు. బండిని నేరుగా మక్కీ ఇంటి సందులోకి తెచ్చి, కిటికీ కింద స్టార్ట్ చేశాడు. ఇంజన్ గొంతు చించుకుంటోంది. లోపల మక్కీ మంచంమీద అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. చెవులు మూసుకున్నాడు. దుయైజ్ ఆపలేదు. కావాలనే ఇంకా పాడుచేసి, ఇంకా కీచుమనిపించాడు.

కిటికీ తెరుచుకుంది. "ఆకలేస్తోందిరా దానికి! చంపుతావా? సూది వెనక్కి తిప్పు!"

"ఎంత తిప్పను ఉస్తాద్?"

"కొంచెం... అది కాదు, ఇంకొంచెం... ఒరేయ్, అటు కాదు! ఇలా ఇవ్వు దాన్ని!"

చీపురుతోనే బయటికి వచ్చాడు. కానీ వచ్చాడు. సందులో మోకాళ్ళమీద కూర్చుని సూది పట్టుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ నర్జిస్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దుయైజ్ ఆమెకేసి చూసి, కనుబొమ్మ మళ్ళీ మొలిచిన వైపు కన్ను కొట్టాడు.

వాకిటి చివర మక్కీ షెడ్డు ఉంది. మూడు పక్కల గోడ, పైన రేకు, ముందు తలుపులేని పెద్ద గుమ్మం. జూలై తర్వాత మొదటిసారి అందులో అడుగుపెట్టాడు. రోజూ కొంచెంసేపు పనిచేసేవాడు. చీపురు బల్లకి ఆనించి, మధ్య మధ్యలో దాన్ని తీసి చుట్టూ తిప్పి చూసుకునేవాడు. గాలిగన్ను జోలికి పోలేదు, ఇంజన్‌ని వేడినీళ్ళ సంచితో వెచ్చబెట్టేవాడు. స్పిరిట్ డబ్బాని మాత్రం గుమ్మం పక్కన, తనకి దూరంగా పెట్టుకున్నాడు. దూరంగా ఉంటే మంచిదనుకున్నాడు.

చలి మొదలవుతున్న రోజులు. మధ్యాహ్నం ఎండ గుమ్మంలోంచి లోపలికి చాలాదూరం పరుచుకునేది. ఆ రోజు అతని మనసు తేలికగా ఉంది. నర్జిస్ ముచ్చటపడుతుందని, చీపురు ఇంట్లో వదిలి వచ్చాడు. చేతులు ఊపుకుంటూ వాకిలి దాటాడు. అది చూసి ఖాతూన్ నవ్విందట, "అల్లుడు ఒంటరిగా నడుస్తున్నాడే!" అని.

డబ్బా మూతకింది రబ్బరు ఉబ్బి ఊడింది, డబ్బా కొంచెం ఒరిగి ఉంది. స్పిరిట్ సిమెంటుమీద పల్చగా పారి, గుమ్మం పొడవునా పరుచుకుంది. వెలుతురులో అది తడి అని కూడా తెలియదు. ఇంజన్‌ని తిప్పే మోటారుకి కరెంటు ఇచ్చే కారు బ్యాటరీ కూడా గుమ్మం దగ్గరే నేలమీద ఉంది. మక్కీ లోపల బల్లమీద బండి పెట్టి, మోటారు నొక్కాడు. వైరు క్లిప్పు వదులుగా ఉంది. నిప్పురవ్వ లేచింది. అదే క్షణంలో ఇంజన్ కూడా లేచింది.

ఆ హోరులో అతనికేమీ వినపడలేదు. ఎప్పటిలాగే బండికి వీపు పెట్టి, గుమ్మంకేసి తిరిగి నిలబడ్డాడు, వినడానికి. ఎదురుగా వాకిలి, ఆ చివర చాపమీద అత్త. అత్త కదులుతోంది. నీళ్ళ అడుగున నాచులాగా, కిందినుంచి పైకి, మెల్లగా ఊగుతోంది. ఆమె వెనక గోడ కూడా ఊగుతోంది.

అతనికి అర్థమైంది. గుమ్మం ఈ చివరినుంచి ఆ చివరిదాకా అది ఉంది. తను లోపల ఉన్నాడు. వెనక గోడ. ఎంత ఎత్తుందో తెలియదు, ఎంత మందం ఉందో తెలియదు. వెనక్కి వెనక్కి జరిగి గోడకి అతుక్కుపోయాడు.

అప్పుడే నర్జిస్ మజ్బూస్ పళ్ళెం పట్టుకుని వాకిలి దాటి వస్తోంది.

"రాకు!" అన్నాడు మక్కీ. "నర్జిస్, ఆగు! గుమ్మంలో ఉంది!"

ఆమె ఆగింది. గుమ్మంలోకి చూసింది. సిమెంటు నేల, ఎండ, తుడిచినట్టుంది. లోపల భర్త గోడకి అంటుకుని, చెమటలు కక్కుతూ, ఖాళీ నేలకేసి గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఆమె మొహంలో రంగు దిగిపోయింది, భయంతో కాదు, నీరసంతో.

"మళ్ళీనా? ఇవాళ బాగున్నావనుకున్నా కదయ్యా. నిన్న వంటింటి గుమ్మం, మొన్న స్నానాలగది గుమ్మం. జరుగు, అన్నం చల్లారిపోతోంది."

"నర్జిస్, నీ కాళ్ళముందే ఉంది. దేవుడిమీద ఒట్టు. ఇవాళ నిజంగా ఉంది."

"రోజూ ఒట్టే. ఆ మోత ముందు ఆపు, మాట వినపడి చావడం లేదు." ఆమె ఒక అడుగు వేసింది. వెచ్చటి గాలి మొహానికి తగిలింది. ఇంజన్ వేడి అనుకుంది.

"చెయ్యి పెట్టి చూడు పోనీ! అడుగు మాత్రం వేయకు!"

"చెయ్యీ పెట్టను, చీపురూ పెట్టను. నేను లోపలికి వస్తున్నా. ఏమీ లేదని నీ కళ్ళతో నువ్వే చూడు."

ఆ మాట ఎందుకన్నానా అని ఆమె ఇప్పటికీ బాధపడుతుంది. అడుగు ఎత్తింది.

ఖాతూన్ ఆ మోకాళ్ళతో ఎలా లేచిందో, ఉప్పు బేసిన్ ఎత్తుకుని ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. కూతురి భుజంమీదుగా రెండు పిడికిళ్ళ ఉప్పు, చేపల నీటితో తడిసిన గల్లుప్పు, "బిస్మిల్లా" అంటూ గుమ్మంలోకి కొట్టింది.

గుమ్మం నిండా పసుప్పచ్చటి మంట లేచి నిలబడింది.

లేచి నిలబడింది అన్నది నర్జిస్ మాటే. అంతవరకూ లేనిది, ఒక్కసారిగా పసుపురంగుతో, నడుమెత్తున, ఆమె పాదానికి జానెడు దూరంలో. పళ్ళెం జారిపోయింది. ఖాతూన్ కూతురి జడ పట్టుకుని వెనక్కి లాగింది. ఇద్దరూ కూలబడ్డారు. పసుపురంగు అప్పుడే వెలిసిపోతోంది. ఉప్పు కాలిపోయేకొద్దీ మంట మళ్ళీ మాయమవుతోంది, ఇక్కడ కొంచెం, అక్కడ కొంచెం.

"ఉప్పు!" అని అరిచాడు మక్కీ. "అత్తా, ఇంకా ఉప్పు!"

ముసలామె కూర్చున్నచోటినుంచే బేసిన్ దగ్గరికి లాక్కుని, దోసిళ్ళకొద్దీ విసిరింది. ఉప్పు పడ్డచోటల్లా మంట బయటపడింది. ఎడమ గోడ పక్కన మాత్రం ఉప్పు ఉత్త నేలమీద గలగలమని రాలింది. పసుపురంగు రాలేదు. మక్కీ చూసుకున్నాడు. తలమీదికి గోనెసంచి లాక్కుని, ఆ గోడకి భుజం రాసుకుంటూ ఒక్క దూకు దూకాడు. నర్జిస్ అప్పటికే నీళ్ళగొట్టం తిప్పింది. ముందు మొగుణ్ణి తడిపింది, తర్వాత గుమ్మాన్ని. నీళ్ళు పారేకొద్దీ స్పిరిట్ పల్చబడి, మంట చచ్చింది. ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఖాతూన్ ఇంకాసేపు ఉప్పు విసురుతూనే ఉంది.

నర్జిస్ తడినేలమీద కూర్చుని అతని గుండెలమీద పిడికిళ్ళతో కొట్టింది. "నేను అడుగేసేదాన్నే! వేసేదాన్నే!" అని ఒకటే మాట. అతను ఆమె చేతులు పట్టుకోలేదు, కొట్టనిచ్చాడు.

చాలాసేపటికి నెమ్మదిగా అన్నాడు. "నడుమెత్తే ఉంది, చూశావా? ఇన్నాళ్ళూ అదెంతుంటుందో తెలీక చచ్చాను. నా తలకన్నా పైన ఉందనుకునేవాణ్ణి. నడుమెత్తే."

ఆ తర్వాత అతను చీపురు పట్టుకోగా నేను చూడలేదు. ఇల్లు ఊడ్చడానికి నర్జిస్ దాన్ని వాడుకుంటోంది. షెడ్డుకి వెనక గోడ పగలగొట్టించి ఇంకో తలుపు పెట్టించాడు. మా ట్రాక్‌లో ప్రతి బల్లమీదా ఇప్పుడు ఉప్పుడబ్బా ఉంటుంది, పక్కన నీళ్ళబకెట్టు ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు "ఇదేంటి, దిష్టికా?" అని నవ్వుతారు. నవ్వనిస్తాం.

ఖాతూన్ మాత్రం ఆ షెడ్డు వైపు చాప వేయడం మానేసింది. నేను పరామర్శకి వెళ్ళినప్పుడు అడిగాను.

"ఉప్పు తగలగానే అది నా వైపు తిరిగింది," అంది. "ముందు దాని మొహం మా పిల్లవైపు ఉంది. ఎవరు విసిరారా అని తిరిగి చూసింది. నా కళ్ళు మసకే కానీ, తిరిగిందా లేదా తెలీనంత మసక కాదు."

నర్జిస్ అలాంటివి నమ్మే మనిషి కాదు. నన్ను గుమ్మందాకా సాగనంపుతూ, గొంతు తగ్గించి అంది, "అన్నా, మంటన్నాక గాలికి ఊగుతుంది కదా. అమ్మకి అలా అనిపించి ఉంటుంది."

"ఉంటుందమ్మా."

"కానీ ఆరోజు గాలి లేదు," అని తలుపు వేసేసింది.

ఇక ఇంజన్ సంగతి. ఆ గొడవలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. లోపల బల్లమీద, మంట రగులుతున్నంతసేపూ, నర్జిస్ ఏడుస్తున్నంతసేపూ అది తిరుగుతూనే ఉంది. వాళ్ళకి ఊపిరి తిరిగాక మక్కీ చెవిలో పడింది. దగ్గు లేదు, కీచు లేదు. నిద్రపోతున్న పిల్లాడి ఊపిరిలా, ఒకే తీరుగా. ట్యాంకులో మందు అయిపోయి, దానంతటదే ఆగింది.

సాయంత్రం దుయైజ్ పరుగెత్తుకొచ్చాడు. అందరూ క్షేమమని కళ్ళారా చూసుకుని, ఏడ్చి, గాలిగన్ను సంగతి అప్పుడు మొదటిసారి పైకి అని క్షమాపణ అడిగాడు. మక్కీ అతని నెత్తిమీద ఒక మొట్టికాయ వేసి, "తాగు, టీ చల్లారుతోంది" అన్నాడు. తర్వాత దుయైజ్ బండిని సందులోకి తీసుకుపోయి స్టార్ట్ చేశాడు. ముగ్గురం కలిసి లొంగదీయలేని ఇంజన్ అది. ఆ రోజు వేలు తాకితే చాలు, పాడింది. దుయైజ్ వెంట వెళ్ళి నేనూ విన్నాను. అంత శుద్ధమైన గొంతు మా ట్రాక్‌మీద ఎప్పుడూ వినలేదు.

"ఇదే ఉంచు ఉస్తాద్!" దుయైజ్ గంతులేస్తున్నాడు. "సూది తాకొద్దు. ఇంత బాగా ఎప్పుడు పెట్టావ్ నువ్వు?"

మక్కీ బండి పక్కన కూర్చుని, సూదిమరని గోటితో తడిమి, ఎక్కడుందో చూసుకున్నాడు. అతను పొద్దున్న దాన్ని బాగా వెనక్కి తిప్పి వదిలాడు, తిండెక్కువగా. మోటారు నొక్కాక దాన్ని ముట్టుకునే వ్యవధే దొరకలేదు, అయినా ఇప్పుడది అక్కడ లేదు.

"నేను పెట్టలేదు," అన్నాడు.

"మరి?"

మక్కీ ఇంజన్ ఆపేశాడు. మర్నాడు పొద్దున్నే వాకిట్లో నిలబడి గాలి పీల్చి, ఇంజన్‌ని మొత్తం విప్పి, కడిగి, మళ్ళీ బిగించి, సూదిని తన లెక్క ప్రకారం పెట్టాడు. కువైట్‌లో వాళ్ళకి మూడోస్థానం వచ్చింది. ఆ సాయంత్రపు గొంతుతో అయితే కప్పు మనదేనని దుయైజ్ ఇప్పటికీ వాదిస్తాడు. మక్కీ వింటాడు, టీ తాగుతాడు, ఆ ఒక్క విషయంలో మాత్రం అతనితో వాదనకి దిగడు.